పాతికేళ్ళ పెళ్ళిరోజుకి హంపి: ఆయన లిస్టు, మీ మోకాళ్ళు

ప్రశ్న: ఈ డిసెంబర్‌కి మా పెళ్ళయి పాతికేళ్ళు. మా వారికి హంపి చూడాలని చిన్నప్పట్నుంచి కోరిక, ఈసారి ఇద్దరమే వెళ్దాం అన్నారు, నాకూ సంతోషం వేసింది. నిన్న ప్లాన్ చూపించారు, రెండు రోజుల్లో ముప్పై నాలుగు చోట్లు! నాకేమో మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగేటప్పుడు మరీను. ఇరవయ్యో పెళ్ళిరోజుకి మైసూరు వెళ్ళినప్పుడూ ఇంతే, ఆయన ముందు, నేను సంచి మోసుకుంటూ వెనక, తిరుగు రైల్లో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఆ ట్రిప్ ఫోటోల్లో మేమిద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ లేదు. రానంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, వెళ్తే నేను కష్టపడతాను. ఏం చెయ్యమంటారు? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

ముందే చెప్పేస్తున్నా అండీ, ట్రిప్ మాత్రం మానుకోవద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో నాకు ఎక్కువ కనపడింది మోకాళ్ళ సంగతి కాదు, ఆ ఫోటోల మాట. ఐదేళ్ళయినా అది మీకు అలా గుర్తుండిపోయిందంటే లోపల ఎంత గుచ్చుకుందో అర్థమవుతోంది. మైసూరులో జరిగింది మళ్ళీ జరక్కుండా చూసుకోవచ్చు, హంపి అందుకు బాగా వీలైన చోటే, కాకపోతే ఆ ముప్పై నాలుగు చోట్ల లిస్టుతో మాత్రం కుదరదు.

అలా అని మీ వారిని నేను తప్పుపట్టను. హంపి అంటే ఒక గుడో ఒక కోటో కాదు కదా, 1336లో హరిహర బుక్కరాయలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి 1565లో తళ్ళికోట యుద్ధం దాకా రెండొందల ఏళ్ళకి పైగా విజయనగరానికి రాజధాని, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అయితే రోమ్ అంత ఉందని రాసుకున్నాడు. ఆ నగరం మొత్తం ఇప్పుడు గుండ్రాళ్ళ గుట్టల మధ్య అరటితోటల మధ్య ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది, చిన్నప్పట్నుంచి రాయల కథలు వింటూ పెరిగిన మనిషికి అందులో ఒక్కటి వదిలేసినా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. ఆయన ముందు నడిచేది మిమ్మల్ని వదిలేద్దామని కాదనుకుంటా, టైం అయిపోతోందన్న కంగారు. కానీ ఆ కంగారులో మీరు వెనకపడిపోయారు, ఆ సంగతి ఆయనకి నిజంగా తెలీకపోయి ఉండొచ్చు. అది మీరే చెప్పాలి, అదీ రైలెక్కకముందే.

ఎలా చెప్పాలి అంటారా, నాకు రాశారు చూడండి ఆ ఫోటోల మాట, అదే చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే ఆయన వెంటనే తన తప్పు లేదని చెప్పుకోవడంలో పడతారు, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. ఒక సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు ఆ మైసూరు ఫోటోలు తీసి పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపించండి, ఇందులో మనిద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ లేదండీ, ఈసారి నాకు అలా వద్దు అనండి. అంతే, ఇంకేం కలపొద్దు, మోకాళ్ళ గురించి కూడా అప్పుడే ఎత్తొద్దు, అది తర్వాత ప్లాన్ దగ్గర మాట్లాడుకోవచ్చు.

ఇక ప్లాన్. ముప్పై నాలుగులోంచి ఆయన్ని ఐదు ఏరుకోమనండి, ఇవి చూడకపోతే హంపి వెళ్ళనట్టే అనుకునేవి. మీరు మూడు ఏరుకోండి. మిగతావి దారిలో పడితే చూస్తారు, పడకపోతే లేదు. రెండు రోజుల్ని కూడా మూడు రాత్రులు చెయ్యండి, ఇది మాత్రం గట్టిగా పట్టుబట్టండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు హంపికి దగ్గరి రైల్వే స్టేషన్ హోస్పేటలో దిగి ఒక్క రోజులో పద్నాలుగు చోట్లు చూసేశాను, ఇంటికొచ్చాక ఏ మండపం ఏ గుడిదో కూడా గుర్తు లేదు. రెండోసారి మా ఆయనతో వెళ్ళి ఒక సాయంత్రం మొత్తం హేమకూటం కొండ రాళ్ళ మీదే కూర్చున్నాం, ఆ సాయంత్రం ఏ వైపునుంచి గాలి వచ్చిందో కూడా ఇప్పటికీ చెప్పగలను.

మీకు ఏవి ఏరుకోవాలో తెలీదంటారేమో, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. పేర్లు తెలిస్తేనే ప్లాన్‌లో మీరూ మాట్లాడగలుగుతారు, లేకపోతే ప్లాన్ ఎప్పుడూ ఆయనదే, మీరు వెంట వెళ్ళే మనిషి, అంతే అయిపోతుంది.

పెళ్ళిరోజుకి వెళ్తున్నారు కాబట్టి అసలు ఆ ఊరి కథే పెళ్ళి కథ అని ముందు తెలుసుకోండి. పంపాదేవి హేమకూటం మీద తపస్సు చేసి విరూపాక్షుణ్ణి పెళ్ళి చేసుకుందని అక్కడి స్థలపురాణం, పంపా అనేది తుంగభద్రకి పాత పేరు, హంపి అన్న పేరు కూడా దాన్నుంచి వచ్చిందే. ఇప్పటికీ ఏటా చలికాలంలో ఫలపూజ అని వాళ్ళిద్దరి నిశ్చితార్థం, చైత్రంలో కళ్యాణం, రథోత్సవం చేస్తారు. విరూపాక్ష గుడిలో రంగమండపం కింద నిలబడి పైకి చూస్తే కప్పు మీద రంగుల బొమ్మల్లో ఆ కళ్యాణమూ ఉంటుంది, శివుడి మీద బాణం వేస్తున్న మన్మథుడూ ఉంటాడు. ఆ మండపం కృష్ణదేవరాయలు తన పట్టాభిషేకం సందర్భంగా 1510లో కట్టించింది. పెళ్ళిరోజు నాడు పొద్దున్నే అక్కడికి వెళ్ళి అర్చన చేయించుకోండి, హంపిలో మిగతావన్నీ చాలావరకు శిథిలాలే, ఇది మాత్రం ఇప్పటికీ దీపం వెలుగుతున్న గుడి. దేవుడి దర్శనం మధ్యాహ్నం కొంతసేపు ఆపేస్తారు కాబట్టి పొద్దునే మేలు. చెప్పులు బయట విడవాలి, ఎండెక్కితే రాతి నేల కాలుతుంది, సంచిలో ఒక జత సాక్సులు పడెయ్యండి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కాళ్ళు కాలి గబగబా నడిచారంటే ఇంకా ఇబ్బంది.

హేమకూటం ఆ గుడికి ఆనుకునే ఉంటుంది. కొండ అనగానే భయపడకండి, వాలుగా పరుచుకున్న పెద్ద రాతిబండ అది, సాసివెకాళు గణపతి వైపునుంచి మెల్లగా ఆగుతూ ఆగుతూ ఎక్కితే సరిపోతుంది. నాలుగింటికి మొదలుపెట్టండి, పొద్దు వాలేదాకా కూర్చోండి. ఇది మీ మూడింటిలో ఒకటిగా పెట్టుకోండని నా సలహా. దిగేటప్పుడు మాత్రం చీకటి పడకముందే దిగాలి, బండ నున్నగా ఉంటుంది, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఆయన చెయ్యి.

రెండోది విఠల గుడి. రాతిరథం అక్కడే, మన యాభై రూపాయల కొత్త నోటు వెనక ఉన్న బొమ్మ అదే. బండ్లు దూరంగా ఆపేస్తారు, అక్కణ్ణుంచి గుడి దాకా కిలోమీటరు దాకా ఉంటుంది, బ్యాటరీ బండి ఉంది, మీవారు సరదాగా నడుద్దాం అంటారు, మీరు బండెక్కండి, ఆయన్ని కూడా ఎక్కించుకోండి. సెలవు రోజైతే ఆ బండి దగ్గరే పెద్ద క్యూ, అందుకే పొద్దున్నే గేటు తీసే టైంకి ఉండాలి. టికెట్ మనవాళ్ళకి నలభై రూపాయలు, అదే టికెట్ మీద అదే రోజు కమల మహల్ ఉన్న జనానా (రాణివాసం) ప్రాంగణం, హంపి పక్క ఊరు కమలాపురంలో మ్యూజియం కూడా చూడొచ్చు, చాలామంది తెలీక పారేసి మళ్ళీ కొంటారు. పొద్దున విఠల గుడి, ఎండ వేళ మ్యూజియం, తర్వాత రూముకెళ్ళి భోజనం, నిద్ర, సాయంత్రం కమల మహల్, ఏనుగుల శాల. మ్యూజియంలో హంపి మొత్తం నమూనా కట్టి పెట్టారు, కొండలు నది గుళ్ళు అన్నీ ఒక్కచోట కనపడతాయి, ఆయన లిస్టులో వదిలేసినవన్నీ అక్కడ చూసుకోవచ్చు, మీరు నీడన నించుని. శుక్రవారం మ్యూజియం సెలవు, అది చూసుకోండి. కమల మహల్, ఏనుగుల శాల రెండూ చదునైన పచ్చిక మీదే, మెట్ల బాధ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీవారికి ఇంత ఇష్టం ఉంది, ఇంత చదివి ఉంటారు, ఆయనకి ఇప్పటిదాకా లేనిది వినే మనిషి. మీరు అడగండి. నిజంగా తెలుసుకోవాలని అడగండి, ఊరికే మొహమాటానికి కాదు. కథ చెప్పే మనిషి వినే మనిషి పక్కనే నడవాలి కదా, ముందుకి ఎలా వెళ్ళిపోతాడు? మా ఇంట్లో తేడా వచ్చింది అక్కడే. మా ఆయన రథం దగ్గర నిలబెట్టి ఇదిగో చూడు, రథానికి ముందు ఏనుగులున్నాయి కానీ వాటి వెనక గుర్రం కాళ్ళు చెక్కి ఉన్నాయి, అంటే మొదట్లో ఉన్నవి గుర్రాలు, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు అని చూపించాడు. అంతకుముందు నేను ఒక్కదాన్నే చూసినప్పుడు అది నా కంటికి ఆనలేదు. అలాంటివి హంపి నిండా ఉన్నాయి. ఏ బండ మీద చూసినా వరసగా చిన్న చిన్న గుంటలు కనపడతాయి, వాటిల్లో చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోస్తే చెక్క ఉబ్బి రాయి చీలేదట, ఆ నగరానికి రాయి తీసింది అలా. రాజుల మహళ్ళు ఏవి అని వెతికితే రాతి అరుగులే ఉంటాయి, ఎందుకంటే పైన కట్టింది చెక్కతో, అది పోయింది, రాతి గుళ్ళు మాత్రం నిలిచాయి. ఇవన్నీ మీరు ప్రశ్నగా అడిగితే ఆయన ఎంత మురిసిపోతారో చూడండి.

ఈ వరసలో మన వైపు కథ కూడా ఒకటుంది. కృష్ణ దేవాలయం అని, రాయలు ఒడిశా రాజులు గజపతుల మీద గెలిచి నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం కోసం కట్టించిన గుడి, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దానికి దగ్గర్లోనే ఉంటాడు పెద్ద నరసింహస్వామి, 1528లో ఒకే బండలో చెక్కింది, ఆరున్నర మీటర్ల పైన ఎత్తు. అందరూ ఉగ్రనరసింహుడు అనేసి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. కానీ అది లక్ష్మీనరసింహుడు. ఒళ్ళో ఉన్న లక్ష్మి విగ్రహం విరిగిపోయింది, ఆయన వీపు మీద ఆవిడ చెయ్యి మాత్రం మిగిలిపోయింది. గేటు బయట నించుంటే అది కనపడకపోవచ్చు, అయినా ఈ సంగతి తెలిసి చూడండి, ఆ ముఖం వేరుగా ఉంటుంది. నాకు హంపి మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే, ఆటో అక్కడికే వెళ్తుంది, మీకు మెట్లూ లేవు. పక్కనే నీళ్ళలో బడవిలింగం అనే పెద్ద శివలింగం.

మూడో రోజు రాజప్రాంగణం పెట్టుకోండి. హజారరామ గుడి తప్పకుండా చూడండి, గోడల చుట్టూ రామాయణం బొమ్మలు వరసల్లో ఉంటాయి, మెల్లగా చుట్టూ తిరుగుతూ ఇది పుత్రకామేష్టి, ఇది మాయలేడి అని పోల్చుకుంటూ పోతే గంట ఇట్టే అయిపోతుంది, ఇందులో మీరే ఆయనకి చెప్పగలరు. మహానవమి దిబ్బ మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఆయన్ని ఎక్కి రమ్మనండి, మీరు ఆ పక్కనే మెట్ల పుష్కరిణి చూస్తూ ఉండండి. ఇలా పావుగంట అరగంట విడిగా ఉంటే తప్పేం లేదు, అది ముందే అనుకుని విడిపోవడం, మైసూరులోలా వెనకపడిపోవడం కాదు. రెంటికీ చాలా తేడా ఉంది.

అందుకే ఆయనకి ఒక పొద్దు పూర్తిగా వదిలెయ్యమంటాను కూడా. మాతంగ కొండ మీద సూర్యోదయం ఆయన ఐదింటిలో కచ్చితంగా ఉంటుంది, అది నిటారు మెట్లు, మీకు అస్సలు వద్దు. ఆయన్ని తెల్లారుజామున గైడ్‌తో వెళ్ళి రమ్మనండి, చీకట్లో ఒంటరిగా మాత్రం వద్దు. మీరు హాయిగా పడుకోండి, టిఫిన్ టైంకి కలవండి. అంజనాద్రి కూడా అంతే, హనుమంతుడు పుట్టిన కొండ అంటారు, 575 మెట్లు. ఆయనకి మొక్కుంటే ఎక్కుతారు, మీరు దగ్గర్లోనే పంపాసరోవరం దగ్గర లక్ష్మీదేవి గుడిలో కూర్చోండి. ఇవి నది అవతల ఆనెగొంది వైపు ఉన్నాయి, అటు వెళ్ళాలంటే ఇప్పుడు బ్రిడ్జి మీదుగా రోడ్డు ఉంది. పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కాలని ఉంటే ఎక్కండి, సరదాగా ఉంటుంది, కానీ ఎక్కి దిగేటప్పుడు మోకాలు బాగా వంచాల్సి వస్తుంది, అలవాటైన మనిషి చెయ్యి పట్టుకుని దిగండి, తుంగభద్ర డ్యామ్ నుంచి నీళ్ళు ఎక్కువ వదిలిన రోజుల్లో వాళ్ళే తిప్పరు.

ఉండటానికి కమలాపురం మీకు బాగుంటుంది, కర్ణాటక టూరిజం వాళ్ళ హోటల్ మయూర భువనేశ్వరి అక్కడే ఉంది, మధ్యాహ్నం రూముకొచ్చి నడుం వాల్చడానికి దగ్గర. హోస్పేటలో హోటళ్ళు ఎక్కువే కానీ రోజుకి రెండుసార్లు వచ్చిపోవడం మీవల్ల కాదు, పన్నెండు పదమూడు కిలోమీటర్లు. హంపి ఊళ్ళో చిన్న చిన్న గదులు గుడి పక్కనే దొరుకుతాయి, ఇరుకు మెట్లుంటాయి, కింది గది ఇస్తేనే తీసుకోండి. నది అవతల విరూపాపుర గడ్డి అని పాత వీడియోల్లో చూసి ఆయన లిస్టులో పెట్టుంటే కొట్టించెయ్యండి, అక్కడి రిసార్టులు 2020లోనే తీసేశారు. ఏ గది తీసుకున్నా వెస్టర్న్ టాయిలెట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అన్నిటికంటే ముందు అదే.

ఆటో రోజంతా మాట్లాడుకోండి. పలానా చోట్లు, పలానా టైం దాకా, మధ్యాహ్నం రెండు గంటలు రూము దగ్గర దింపాలి అని పేర్లతో సహా ముందే చెప్పి రేటు తేల్చుకోండి, మధ్యలో మాట్లాడుకుంటే ఇద్దరికీ మనసు పాడవుతుంది. కోతులున్నాయి జాగ్రత్త, చేతిలో అరటిపళ్ళ సంచి కనపడితే లాక్కుపోతాయి. ఆ సంచి అన్నాను కాబట్టి చెప్తున్నా, ఈసారి మీరు మొయ్యకండి. ఇద్దరికీ చెరో చిన్న బ్యాగ్ కొనండి, ఎవరి నీళ్ళు ఎవరి టోపీ వాళ్ళ వీపునే.

మీ గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా హోస్పేట వెళ్తుంది, రాత్రి ఎక్కితే పొద్దున దిగుతారు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే, అంటే డిసెంబర్ ప్రయాణానికి అక్టోబర్‌లో చూసుకోవాలి. వయసు 45 దాటిన ఆడవాళ్ళకి ఖాళీ ఉంటే లోయర్ బెర్తే వస్తుంది, ఎంత ముందు చేస్తే అంత మంచిది. డిసెంబర్ ఆఖరి వారం మాత్రం వద్దు, స్కూలు పిల్లలతో టూర్లతో కిక్కిరిసిపోతుంది, మీ పెళ్ళిరోజు ఆ వారంలోనే అయితే పెళ్ళిరోజు ఇంట్లో చేసుకుని జనవరిలో వెళ్ళండి, ఏం పర్లేదు. మోకాళ్ళు డాక్టర్‌కి చూపించి ఇలా రాళ్ళల్లో నడిచే ట్రిప్ అని చెప్పండి, ఏం వ్యాయామం చెయ్యాలో ఏ బెల్టు వాడాలో ఆయనే చెప్తారు, వెళ్ళేముందు రోజు కాదు, ఇప్పుడే.

ఇంకొక్కటి. విరూపాక్ష గుడి వెనక వైపు ఒక చీకటి గది ఉంది, గోడలో చిన్న రంధ్రం లోంచి వెలుతురు వచ్చి పెద్ద గోపురం నీడ ఎదుటి గోడ మీద తల్లకిందులుగా పడుతుంది, ఎండ ఉన్నప్పుడు వెళ్ళండి. అది ఫోన్‌లో సరిగ్గా రాదు, అక్కడ కాసేపు ఊరికే చూడండి ఇద్దరూ. ఫోటో మాత్రం హేమకూటం మీద దిగండి. పొద్దువాలే టైంకి అక్కడ బోలెడు మంది ఉంటారు, ఫోన్ పక్కవాళ్ళకిచ్చి తియ్యమనండి, అడగడానికి మీవారు మొహమాటపడితే మీరే అడగండి. వచ్చాక ఆ ఫోటో నాకు పంపకపోయినా పర్లేదు కానీ ఎలా జరిగిందో రెండు ముక్కలు రాయండి అమ్మా, ఎదురు చూస్తుంటాను.